కూర్పరి సంతకం

2003లో లండన్‌లోని అంజునాబీట్స్ అనే చిన్న రికార్డు లేబుల్ ఒక సంకలనం విడుదల చేసింది. పేరులో ఆర్భాటమేమీ లేదు: అంజునాబీట్స్ వాల్యూమ్ వన్. లేబుల్ నడిపేవాళ్లే డీజేలు. ట్రాన్స్ సంగీతంలో తమకు నచ్చిన ట్రాక్‌లు ఏరి, ఒకదాని చివర మరొకదాని మొదలు కలిసిపోయేలా కూర్చి, మధ్యలో ఎక్కడా ఆగకుండా సాగే మిక్స్‌గా అందించారు. ఆ తర్వాత టూ, త్రీ, ఫోర్ అంటూ అంకెలు పెరుగుతూ 2019 నాటికి పద్నాలుగుకు చేరాయి. మొదటిదీ పద్నాలుగోదీ పక్కపక్కన పెట్టి వినిపిస్తే రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చాయంటే కొత్తవాళ్లు నమ్మరు. వరుసగా విన్నవాళ్లను ఎక్కడ మారిందో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు.

సాహిత్య పత్రికకు ఈ గొడవ ఎందుకంటారా? సంకలనం అంటే ఏమిటి, దానికి బాధ్యులెవరు అన్న ప్రశ్న మాది కూడా. పైగా ఆ లేబుల్ పేరు మన దేశం నుంచి వెళ్లింది.

గోవాలోని అంజునా తీరానికి 1960ల చివరి నుంచి పాశ్చాత్య హిప్పీలు రావడం మొదలైంది. మొదట గిటార్లు, రాక్ పాటలు. 1980లు వచ్చేసరికి యూరప్ క్లబ్బుల ఎలక్ట్రానిక్ సంగీతం. అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన గోవా గిల్ వంటి డీజేలు రాత్రంతా, పొద్దెక్కేదాకా పాటలు వినిపించేవారు. ఎండకూ దుమ్ముకూ గ్రామఫోన్ రికార్డులు తట్టుకోవు కాబట్టి క్యాసెట్లు, డాట్ అనే డిజిటల్ టేపులు వాడేవారు. పాటల్లో గాత్రం కత్తిరించి, దరువు సాగే భాగాన్నే మళ్లీ మళ్లీ అతికించి పొడిగించేవారు. అంటే అక్కడ డీజే పని మొదటి నుంచీ కూర్పే. ఇంకొకరి పాటలో తనకు కావలసిన ముక్క ఏదో, అది ఏ గంటలో వినిపించాలో తేల్చడమే అతని విద్య.

ఆ విద్యను బ్రిటన్ ఇళ్లలోకి చేర్చినవాడు పాల్ ఓకెన్‌ఫోల్డ్. 1994 డిసెంబరులో బీబీసీ రేడియో 1లో రెండు గంటలు సాగిన అతని 'గోవా మిక్స్'లో ట్రాన్స్ ట్రాక్‌ల మధ్య 'బ్లేడ్ రన్నర్' సినిమాకు వాంజెలిస్ చేసిన సంగీతం కూడా వినిపిస్తుంది. నాట్యం కోసం పుట్టని ఆ సంగీతం, పక్కన ఏముందన్న దాన్నిబట్టి కొత్త అర్థం తెచ్చుకుంది. ఆ మిక్స్‌లో ఓకెన్‌ఫోల్డ్ సొంత బాణీలు వెతకడం కన్నా, ఆ వరుస పెట్టింది ఎవరని అడగడం సబబు. వరుస అతనిది. ఆ రెండు గంటలకు కర్త అతనే.

అంజునాబీట్స్‌ను 2000లో మొదలుపెట్టింది వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో కలిసిన ఇద్దరు విద్యార్థులు: ఇంగ్లండ్ కుర్రాడు జోనో గ్రాంట్, ఫిన్లండ్ నుంచి వచ్చిన పావో సిల్యమాకి. అదే ఏడాది చక్ర అనే బృందం పాట 'హోమ్'ను రీమిక్స్ చేసే పని మీద వార్నర్ మ్యూజిక్‌లో మార్కెటింగ్ చూస్తున్న టోనీ మెక్‌గినెస్ వాళ్లతో కలిశాడు. ముగ్గురూ అబవ్ అండ్ బియాండ్ అయ్యారు. మరుసటి ఏడాదికల్లా మడోనా పాటకు వీళ్లు చేసిన రీమిక్స్ బయటికి వచ్చింది. పేరు గోవాదే గానీ వీళ్ల ట్రాన్స్ గోవా ట్రాన్స్ కాదు. గోవా ట్రాన్స్ మెలికలు తిరుగుతూ, గరుకుగా, సుడిలా సాగుతుంది. వీళ్లది జర్మనీ, హాలెండ్ దారిలో వచ్చిన సాఫీ బాణీ, మనసు కరిగించే స్వరాలు. ఇంటిపేరు అంజునా, గొంతు మాత్రం ఉత్తర యూరప్‌ది. ఈ లేబుల్ పుట్టినప్పుడే పేరూ స్వరమూ వేర్వేరు ఊళ్లవన్న సంగతి, తర్వాతి తగువు అర్థం కావడానికి గుర్తుంచుకోవాలి.

మన వీధుల్లో డీజే అంటే పెళ్లి బరాత్‌లో, గణేశ్ నిమజ్జనంలో లారీ మీద పేర్చిన సౌండ్ బాక్సులు గుర్తుకొస్తాయి కాబట్టి, ఈ సంకలనాల్లో డీజే చేసే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

2000ల తొలినాళ్ల ట్రాన్స్ ట్రాక్ ఏడెనిమిది నిమిషాలుంటుంది. నిమిషానికి దాదాపు 138 దరువులు. మొదటి నిమిషం పైచిలుకు రాగం ఊసే ఉండదు, దరువు ఒక్కటే. ఆ ఖాళీ డీజే కోసం వదిలింది. వెళ్లిపోతున్న ట్రాక్ చివరి దరువుల మీద వచ్చే ట్రాక్ తొలి దరువులను పరచడానికి అతనికి ఆ చోటు కావాలి. వేగం సరిపోతే చాలదు, శ్రుతి కుదరాలి. రెండూ ఒకే శ్రుతిలో ఉండాలి, లేదా సా నుంచి పాకు ఉన్నంత దూరంలో ఉండాలి. లేకపోతే కలిసే చోట చెవి ముడుచుకుంటుంది. ట్రాక్ నడిమధ్యలో దరువు ఆగిపోతుంది. దాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. అప్పుడు అసలు రాగం విచ్చుకుంటుంది. రోలాండ్ కంపెనీ 1996లో తెచ్చిన జేపీ-8000 సింథసైజర్‌లోని సూపర్‌సా ధ్వని లేకుండా ఆ రోజుల బ్రేక్‌డౌన్‌ను ఊహించలేం. ఒకే స్వరాన్ని ఏడు పొరలుగా వాయిస్తూ, పొరకూ పొరకూ మధ్య వెంట్రుకవాసి శ్రుతి తేడా పెడితే, ఒక్క మీట నొక్కినా పెద్ద బృందం ఒక్కసారి గొంతెత్తినట్టుంటుంది. ఆ ఉప్పెన మీదికి దరువు తిరిగి వచ్చే క్షణం కోసమే జనం చేతులెత్తి నిలబడతారు.

సీడీలో 80 నిమిషాలకు మించి పట్టదు. లేబుల్ దగ్గర ఏడాదికి పోగయ్యే ట్రాక్‌లు అంతకు ఎన్నో రెట్లు. ఏది తీసుకోవాలి, తీసుకున్నదాన్ని ఎన్ని నిమిషాలు ఉండనివ్వాలి, దేని తర్వాత ఏది? ప్రతి బ్రేక్‌డౌన్ ఒక శిఖరమే అయితే శిఖరాల వరుస మైదానంలా చదునైపోతుంది. ఎక్కడో ఒక మంచి ట్రాక్‌ను దాని శిఖరం రాకముందే దాటించి, తర్వాతిదానికి దారి వదలాలి. కూర్పు తెలిసిన డీజేకూ దొరికినవన్నీ ఏకరువు పెట్టే డీజేకూ తేడా తెలిసేది అక్కడే.

ఇక మార్పు సంగతి. 2008లో అబవ్ అండ్ బియాండ్ ముగ్గురూ గాయని జస్టిన్ సువీసాతో కలిసి ఓషన్‌ల్యాబ్ పేరిట చేసిన 'సైరెన్స్ ఆఫ్ ద సీ' వచ్చేదాకా లేబుల్ గొంతు ఒక్కటే: వేగం, వెలుగు, కన్నీటి చెమ్మ. కానీ 2005లోనే అంజునాడీప్ అనే చెల్లెలు లేబుల్ పుట్టింది. జోనో సోదరుడు జేమ్స్ గ్రాంట్ నడిపిన ఆ శాఖలో నడక నెమ్మది. నిమిషానికి 120ల దరువులు, పొగమంచులాంటి స్వరాలు. లేన్ 8, యొట్టో, బెన్ బోమర్ వంటివాళ్ల తొలి ఆల్బమ్‌లు అక్కడి నుంచే వచ్చాయి. పెద్ద లేబుల్ సంకలనాలు కూడా రెండు డిస్కులయ్యాయి. మొదటి డిస్కులో నింపాది ప్రోగ్రెసివ్ నడక, రెండోదానిలో పాత ట్రాన్స్ ఉరుకు. పాతవాళ్లు రెండో డిస్కు నుంచి మొదలుపెట్టేవారు, కొత్తవాళ్లు మొదటిదానితోనే ఆగిపోయేవారు. ఇద్దరూ కొన్నది మాత్రం ఒకే పెట్టె.

2010 తర్వాత అమెరికాలో ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ (ఈడీఎం) వెల్లువ వచ్చింది. వేదికలు స్టేడియాలంత పెరిగాయి, రాగం కన్నా దరువు ఒక్కసారిగా విరుచుకుపడే 'డ్రాప్' ముఖ్యమైంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ట్రాన్స్ వాయించిన టియెస్టో 2009లో 'కెలైడోస్కోప్' ఆల్బమ్‌తో ఆ శైలికి దూరం జరిగాడు. అటువైపు ఆర్మిన్ వాన్ బ్యూరెన్ 2013లో '138 అంటే భయమెవరికి?' అని అర్థమొచ్చే పేరుతో ఏకంగా ఒక లేబులే పెట్టి వేగం పక్షాన నిలబడ్డాడు. అంజునాబీట్స్ ఈ రెండు దారుల్లో దేన్నీ పూర్తిగా పట్టలేదు. మ్యాట్ జో, ఆండ్రూ బేయర్ వంటి కుర్రవాళ్లను రానిచ్చింది. వాళ్లు ట్రాన్స్ రాగాన్ని హౌస్, బ్రేక్‌బీట్ నడకల మీద కూర్చోబెట్టారు. మ్యాట్ జో 'డ్యామేజ్ కంట్రోల్' గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది.

ట్రాన్స్ అన్న పేరుకు గట్టి దెబ్బ మన దేశంలోనే తగిలింది. 2004 నుంచి వారం వారం సాగిన అబవ్ అండ్ బియాండ్ రేడియో కార్యక్రమం 'ట్రాన్స్ అరౌండ్ ద వరల్డ్' 2012 నవంబరులో బెంగళూరులో 450వ భాగంతో ముగిసింది. అదే రాత్రి, అదే వేదిక మీద 'గ్రూప్ థెరపీ' మొదలైంది. శైలి పేరు కార్యక్రమం పేరులోంచి తప్పుకుంది. మన కుర్రకారు ఉద్యోగాల కోసం పెట్టెలు సర్దుకుని వెళ్లే నగరంలో ఒక యూరోపియన్ సంగీత శాఖ తన పాత బోర్డు దించుకుందన్నమాట. రెండేళ్లకు కొత్త కార్యక్రమం వందో భాగం న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. 2019లో దరువు ఊసే లేకుండా, యోగాకూ ధ్యానానికీ పనికొచ్చేలా 'ఫ్లో స్టేట్' అనే ఆల్బమ్ చేశారు. ట్రాన్స్ వదిలేశారన్న పాత అభిమానుల ఫిర్యాదు ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది.

ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేం. ఈడీఎం వెల్లువ రోజుల్లో వచ్చిన కొన్ని ట్రాక్‌లు ఆ వెల్లువ పాటలకు నకళ్లలాగే ఉన్నాయి, రాగం ఉండాల్సిన చోట రొద ఉంది. కానీ ఆ మాట ఇంత కచ్చితంగా ఎలా అనగలుగుతున్నాం? సంపుటాలు ఉన్నాయి కాబట్టి. 2009 నాటి ఏడోదాన్నీ 2014 నాటి పదకొండోదాన్నీ పక్కపక్కన పెట్టి, ఇక్కడ వేగం తగ్గించారు, ఇక్కడ గాత్రం పెంచారు, ఈ సర్దుబాటు నాకు నచ్చలేదు అని వేలెత్తి చూపగలం. అంకె ఉంది, ఏడాది ఉంది, కూర్చినవాళ్ల పేరు ఉంది. స్వరం మార్చుకునే హక్కు ఏ లేబుల్‌కైనా ఉంది. మార్చినప్పుడల్లా లెక్క చూపించాల్సిన బాధ్యత కూడా ఉంది. సంకలనం ఆ లెక్క పుస్తకం.

మన సాహిత్యానికి ఈ సంగతి కొత్త కాదు. 1935లో ముద్దుకృష్ణ 'వైతాళికులు' కూర్చినప్పుడు భావకవిత్వం అంటే ఏమిటో ఆ ఎంపికే చాలామందికి నేర్పింది. అందులో చోటు దక్కనివారి గురించిన వాదనలు కూడా ఆ ఎంపిక పుణ్యమే. కథాసాహితి తరఫున వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ 1990 కథల నుంచి ఏటేటా తెస్తున్న 'కథ' సంకలనాల వరుసను తీసుకుంటే, తెలుగు కథ ఎప్పుడు ఏ వస్తువు వైపు మొగ్గిందో, ఏ ప్రాంతపు మాట ఎప్పుడు గట్టిగా వినిపించిందో ఒక్కో సంపుటం సాక్ష్యం చెబుతుంది. ఆ ఎంపికలతో తగువు పడ్డవాళ్లు లేకపోలేదు. తగువు పడడానికి ఎదురుగా ఒక పుస్తకం, దాని మీద రెండు పేర్లు ఉన్నాయి.

ఇప్పుడు సంగీతంలో చేజారుతున్నది సరిగ్గా ఇదే. స్ట్రీమింగ్ వచ్చాక సంకలనం స్థానంలోకి ప్లేలిస్ట్ వచ్చింది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక వినికిడి కింద లెక్క. నిమిషం పైగా దరువు తప్ప ఏమీ వినిపించని పాత ఎత్తుగడ ఆ లెక్కలో నిలబడదు. ట్రాక్‌లు మూడు నాలుగు నిమిషాలకు కుదించుకుపోయాయి, డీజే కోసం వదిలిన చోటు మాయమైంది. మిక్స్‌లో ఎవరి ట్రాక్ ఎంతసేపు వినిపించిందో తేల్చి అందరికీ డబ్బు చెల్లించే ఏర్పాటును ఆపిల్ మ్యూజిక్ ప్రకటించిందే 2021లో. అప్పటిదాకా డీజే మిక్స్‌లు స్ట్రీమింగ్‌లో చాలావరకు అనాథలే. 2015లో స్పాటిఫై మొదలుపెట్టిన 'డిస్కవర్ వీక్లీ' ఒక్కొక్కరికి ఒక్కో జాబితా వండి పెడుతుంది, వచ్చే సోమవారానికి దాన్ని మార్చేస్తుంది. అక్కడ కూడా ఎంపిక ఉంది, వరుస ఉంది. నిన్నటి వరుస ఎందుకు మారిందని అడిగితే జవాబు చెప్పే మనిషి లేడు. నా జాబితా మీరు వినలేదు, మీ జాబితా నేను వినలేదు. ఇద్దరం కూర్చుని తగువు పడే వీలు కూడా లేదు.

ప్లేలిస్ట్ వల్ల మేలు లేదని ఎవరూ అనరు. ఊరూ పేరూ లేని కుర్రవాడి ట్రాక్ రాత్రికి రాత్రి ఖండాలు దాటుతోంది, శ్రోత జేబుకు బరువు తగ్గింది. కానీ ఒక శైలికి చరిత్ర ఏర్పడాలంటే, ఫలానా ఏడాది ఫలానా వాళ్లు దీన్ని మంచిదనుకున్నారు, దాన్ని పక్కన పెట్టారు అని ఎక్కడో ఒకచోట చెరగకుండా నమోదు కావాలి. అంజునాబీట్స్ వాల్యూమ్‌లు ఆ పని చేశాయి. వాటిలో తప్పుటడుగులు కూడా ఉన్నాయి, ఉన్నందువల్లే వాటి విలువ.

సాహిత్యంలోనూ ఇదే బెడద మొదలైంది. వాట్సాప్ గుంపుల్లో, యాప్‌లలో కథలు ఎవరు ఏరుతున్నారో తెలియకుండానే మన కళ్ల ముందుకు వస్తున్నాయి. దాన్ని ఆపడం మన చేతిలో లేదు. సంకలనాలు వేసేవాళ్ల చేతిలో ఉన్న పని ఒకటుంది. మన ముందుమాటలు చాలావరకు రచయితలను పొగిడి, ముద్రాపకులకు కృతజ్ఞతలు చెప్పి ముగుస్తాయి. ఈ కథ పక్కన ఆ కథ ఎందుకు పెట్టారో, నిరుటి కన్నా ఈ ఏడు ఎంపిక ఎటు జరిగిందో, మంచిదని తెలిసీ దేన్ని వదిలేశారో ఒక్క పేజీ రాయమని కూర్పరులను అడుగుతున్నాం. ఆ పేజీ ఉంటే విమర్శకుడికి పట్టు దొరుకుతుంది. అడిగినవాళ్లం ముందు మేమే చేయాలి కాబట్టి, వచ్చే ప్రత్యేక సంచికకు అలాంటి పేజీ ఈ పత్రిక కూడా రాస్తుంది.