బొగ్గుపులుసు సేద్యము

పండించిన దానిని కోసి అమ్ముకొనుట మన మెఱిగిన సేద్యము. చెట్టును నఱకకుండుటయే రాబడియగు సేద్యమొకటి ఆస్ట్రేలియా దేశమున వెలసినది. దానిని కార్బన్ సేద్యమందురు. చెట్లు పెరుగునపుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మ్రానులోను వేళ్లలోను దాచుకొనును. అట్లు దాచిన టన్ను ఒక్కింటికి ఒక క్రెడిట్టు లభించును. దానిని ప్రభుత్వమువారును, పొగ విడుచు కర్మాగారములవారును కొందురు. ఇందులకు 2011లో చట్టము చేయబడినది.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు పడమటి సీమలో, బర్క్, కోబార్ పట్టణముల చుట్టుపట్ల, వానలు చాలని గొఱ్ఱెల బీళ్లు కలవు. అచటి రైతు క్రొత్తచెట్లు నాటడు. మేపు తగ్గించి, ముల్గా మొదలగు అడవిచెట్లను తిరిగి ఎదుగనిచ్చును. 2017 మొదలు 2019 వఱకు ఘోరమైన కఱవు వచ్చినపుడు ఈ ధనము పెక్కిండ్ల అప్పులు తీర్చినది, కంచెలు వేయించినది. ఆ మేలు కాదనరాదు.

అయినను, ఈ కట్టుబాటు 25 ఏండ్లది గాని, 100 ఏండ్లది గాని అయియుండును. తక్కువ గడువు కోరినవారికి క్రెడిట్లలో నూటికి 20 తగ్గింతురు. నడుమ మానుకొనదలచినచో పొందిన క్రెడిట్లను తిరిగి అప్పగింపవలయును. కఱవునాడు ముల్గా కొమ్మలు నఱికి మందను బ్రతికించుకొనుట అచటివారి పూర్వాచారము. ఆ చెట్టే ఇపుడు యథేచ్ఛగా ముట్టరానిదైనది. 2023లో ఈ పద్ధతి గడువు ముగిసినను, చేరినవారి బాధ్యత తీరలేదు. తాత చేసిన వ్రాలు మనుమని చేతులను గూడ కట్టునుగదా!

ఆ చెట్లు వానలవలన పెరిగినవే గాని మేపు తగ్గించుటవలన గావని 2022లో ఆండ్రూ మాకింటోష్ మొదలగు పండితులు ఆక్షేపించిరి. ఇయాన్ చబ్ అధ్యక్షతను విచారణ జరిగినది. పథకపు పునాది మంచిదే యనుచు, దిద్దుబాట్లు సూచించిరి.

మాకు మిక్కిలి చింత కలిగించునది వేఱొకటి. సొమ్ము భూస్వామికి వచ్చును. ఊరు మాత్రము మనుష్యులతో బ్రతుకును. యజమాని ఆ ధనముతో అచటనే కాపురమున్నచో అంగడి నడచును, బడి నిలుచును. అతడు నగరమున కూర్చుండి క్రెడిట్లు లెక్కించుకొనుచో, ఉన్ని కత్తిరించువారికి పని పోవును. పాడుపడిన బీటిలో అడవిపందులును, అడవికుక్కలును పెరిగి పొరుగువాని మందపై పడును. బడిలో పిల్లలు తగ్గిన పిదప ఉపాధ్యాయుని నిలుపువారెవరు? దోషము చెట్టుది కాదు, దీపము లేని యింటిది.

మన అరకులోయలోను గిరిజన కుటుంబములు కాఫీయు పండ్లచెట్లును నాటి ఇట్టి వ్యవహారములో చేరియున్నవి. అచట చెట్టు ఫలమునుగూడ ఇచ్చును, కాపురము కదలదు. కావున ఇట్టి పత్రము మీ యింటికి వచ్చిననాడు, ఎంత సొమ్మని మాత్రమే అడుగవలదు. ఎన్నేండ్లని అడుగుడు, కఱవునాడు మనకేమి మిగులునని అడుగుడు, ఊరిలో నిలుచువారెవరని అడుగుడు. జవాబు విన్న తరువాతనే వ్రాలు చేయనిండు.