ఆ గదిలో మన కుర్చీ ఏది?

సీటు వచ్చిందా, స్కాలర్‌షిప్ పడిందా, హాస్టల్లో అన్నం ఉడికిందా? ఇన్నాళ్లూ మన విద్యార్థి పోరాటాలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి. తిరగాల్సిందే. కడుపు కాలేవాడికి ముందు అన్నమే కనపడుతుంది. కానీ ఆ సీట్లు ఎన్నో, పరీక్ష ఎట్లా పెట్టాలో, పాఠం ఎవరు చెప్పాలో తేల్చే గది ఇంకొకటుంది. ఆ గది తలుపు మనం తట్టింది తక్కువ.

విశ్వవిద్యాలయంలో పాఠాలు ఖాయం చేసేది బోర్డ్ ఆఫ్ స్టడీస్. చదువుల రూల్సు చేసేది అకడమిక్ కౌన్సిల్. ఉద్యోగాలూ డబ్బూ శిక్షలూ పాలకమండలి చేతిలో ఉంటాయి. ఊరికి రచ్చబండ ఎట్లాగో అక్కడ ఇవి అట్లా. తేడా ఏమంటే, ఊళ్లో వార్డు మెంబరు నుంచి సర్పంచి దాకా మనకు చట్టం రాసిన కుర్చీ ఉంది. కొన్నిచోట్ల పెత్తనం ఇంకా పెద్దకులపోళ్ల అరుగు మీదే నడుస్తున్నా, కుర్చీ మనదని కాయితం మీద ఉంది. చాలా విశ్వవిద్యాలయాల చట్టాల్లో ఆపాటి మాట కూడా లేదు. మేధావులకు కులం ఉండదట!

ఆ గదుల్లో ఏం జరుగుతుందో ఒక్క లెక్కతో చూద్దాం. 2017 ఏప్రిల్లో అలహాబాదు హైకోర్టు, అధ్యాపక పోస్టుల రిజర్వేషన్‌కు విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒకటిగా లెక్కించగూడదు, ఏ శాఖకా శాఖ విడిగా లెక్కించాలంది. 2018 మార్చి 5న యు.జి.సి. అదే మాటను సర్క్యులరుగా పంపింది. చదివితే ఉత్త ఆఫీసు కాయితం. ఎవరికీ చెడ్డగా వినపడదు.

రోస్టరు అంటే వరస పట్టిక. ఆ వరసలో 4వ పోస్టు బి.సి.కి, 7వది ఎస్సీకి, 14వది ఎస్టీకి. ఒక విశ్వవిద్యాలయంలో పది శాఖలు, శాఖకు ఆరుగురు అధ్యాపకులు అనుకోండి. మొత్తం 60 మంది. అందరినీ కలిపి లెక్కిస్తే 15 శాతం చొప్పున ఎస్సీలకు 9 పోస్టులు, ఏడున్నర శాతం చొప్పున ఎస్టీలకు 4, 27 శాతం చొప్పున బి.సి.లకు 16. ఇప్పుడు శాఖలవారీగా వేయండి. ప్రతి శాఖలోనూ వరస ఆరు దగ్గర ఆగిపోతుంది. బి.సి.లకు శాఖకొకటి చొప్పున 10. ఎస్సీలకు సున్నా. ఎస్టీలకు సున్నా. ఎవరో రిటైరై కొత్తవాళ్లు వచ్చినప్పుడు ఏడో నంబరు ఎప్పటికో రావచ్చు, పద్నాలుగో నంబరుకైతే ఒక తరం గడవాలి. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. రిజర్వేషన్ తీసేశామని ఎవరూ అనలేదు. కూడే చోటు మార్చారు, అంతే. మన విస్తరి దాకా రాకముందే బంతి లేచింది.

దెబ్బ అక్కడితో ఆగదు. ఇవాళ లెక్చరరుగా చేరినవాళ్లే రేపు ప్రొఫెసర్లు, శాఖాధిపతులు, డీన్లు అవుతారు. వాళ్లే కౌన్సిళ్లలో కూర్చుంటారు. ఇవాళ ఒక పోస్టు పోయిందంటే ఇరవై ఏళ్ల తర్వాత ఒక కుర్చీ పోయినట్టే. విశ్వవిద్యాలయాన్ని అధ్యాపకులే నడుపుకోవాలి, సర్కారు వేలు పెట్టగూడదు అంటారు. మంచిమాటే. మంత్రి ఆడించినట్టు ఆడే వి.సి. మనకూ అక్కర్లేదు. కానీ ఏ అధ్యాపకులు? మనల్ని గుమ్మం బయట నిలబెట్టి, ఇంట్లోవాళ్లదే నిర్ణయమంటే ఎట్లా?

2019 జనవరి 22న సుప్రీంకోర్టు కేంద్రం అప్పీలు కొట్టేసింది. మార్చి 5న మన సంఘాలూ బి.సి. సంఘాలూ దేశమంతా బంద్ పిలుపిచ్చాయి. అధ్యాపక సంఘాలూ కలిసివచ్చాయి. రెండురోజులకే ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడు జులైలో చట్టమైంది. ఎన్నికల ముంగిట వీధికెక్కాం గనుక వచ్చింది, ఏ అకడమిక్ కౌన్సిలూ పెట్టిన భిక్ష కాదు. అయినా ఆ చట్టం కేంద్ర విద్యాసంస్థలకే. అందులోనూ కొన్నిటిని గొప్ప సంస్థలని పేరు పెట్టి మినహాయించారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అది వర్తించదు.

కుర్చీ ఇచ్చాం గదా అని వాళ్లు చూపించేది ఒకటుంది. 2018 యు.జి.సి. నిబంధనల ప్రకారం ఎస్సీ, ఎస్టీ, బి.సి., మైనారిటీ, మహిళ, వికలాంగ అభ్యర్థులు ఉంటే, ఎంపిక కమిటీలో ఆ వర్గాల వాళ్లెవరూ లేనప్పుడు, అక్కణ్ణుంచి ఒకరిని వేయాలి. వేసేది వి.సి. ఆరు వర్గాలకు ఒక్క కుర్చీ, అదెవరికో చెప్పేది పెద్దాయన! ఆనక 'తగినవారు దొరకలేదు' అని రాసి పోస్టు ఖాళీగా పెడతారు. నెట్ పాసై, పి.హెచ్.డి. చేసి వచ్చిన మన పిల్లలో ఏం తగలేదో మాత్రం రాయరు.

వైవా సంగతీ అంతే. 2016 మేలో యు.జి.సి. పరిశోధన సీట్లకు రాతపరీక్షను ఉత్త అర్హతగా చేసి, ఎంపికను వైవాకు వదిలింది. జె.ఎన్.యు.లో ప్రొఫెసర్ అబ్దుల్ నఫే కమిటీ పాత మార్కులు చూసి, రాతకూ వైవాకూ మధ్య తేడాలో వివక్ష కనపడుతున్నదని, వైవా మార్కులు తగ్గించాలని చెప్పింది. తగ్గించడం పోయి, 2017 అడ్మిషన్లలో వైవాయే సర్వమైంది. గొడవలయ్యాక 2018లో రాతకు 70, వైవాకు 30 అని యు.జి.సి. వెనక్కి తగ్గింది. 'మీ నాన్న ఏం చేస్తాడు' అనే ప్రశ్నకు మార్కులెన్నో మనలో చదువుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

2015 నవంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములతో సహా అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ విద్యార్థులు ఐదుగురిని హాస్టలుకు దూరం చేసిన నిర్ణయానికి ముద్రవేసిందీ పాలకమండలే. ఆ పిల్లలు తమ గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. రోహిత్ పేరు ప్రతి పల్లెకూ తెలుసు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నదెవరో ఎంతమందికి తెలుసు?

1927 మార్చిలో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగారు. అదే ఏడు బొంబాయి శాసనమండలిలో, విశ్వవిద్యాలయ బిల్లు మీద మాట్లాడుతూ, వెనుకబడిన వర్గాలకు సెనేట్‌లో ప్రాతినిధ్యం కావాలని వాదించారు. నీళ్లూ, సెనేట్ కుర్చీ ఒకే ఏడు అడిగారాయన. మనం నీళ్ల దగ్గరే ఆగిపోయాం.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ నుంచి పాలకమండలి దాకా మన కుర్చీలు చట్టంలోనే రాయాలి. నామినేషన్ దయాధర్మం వద్దు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం మార్చాల్సింది శాసనసభ. ఆంధ్రలో 29 మంది ఎస్సీ, ఏడుగురు ఎస్టీ, తెలంగాణలో 19 మంది ఎస్సీ, 12 మంది ఎస్టీ ఎమ్మెల్యేలు మన రిజర్వుడు సీట్ల నుంచే అక్కడికి పోతున్నారు. ఊళ్లోకి వచ్చినప్పుడు దండ వేసేముందు ఈ మాట అడగండి.

ఆర్గనైజర్లకు ఈ పక్షం పని ఒకటే. మీ దగ్గరి విశ్వవిద్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. కౌన్సిళ్ల సభ్యుల జాబితా, శాఖలవారీ రోస్టరు రిజిస్టరు, తగినవారు లేరని వదిలేసిన పోస్టుల లెక్క అడగండి. వచ్చిన జవాబు జిరాక్సు తీసి మాకు పంపండి. ఇవ్వం అంటే, ఆ ఇవ్వమన్న కాయితమైనా పంపండి. అచ్చేస్తాం.