రాగిముద్దయు లెక్కలోనిదే

సంపాదక మహాశయులకు,

మధుమేహులు రాగులను యథేచ్ఛగా భుజింపవచ్చునని మీ గతసంచికలో వెలువడిన వ్యాసవాక్యము, రాగిముద్దయే నిత్యాహారమైన మా పావగడ సీమయందు అనర్థహేతువు కాగలదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి, నూరు గ్రాముల తెల్లబియ్యమున పీచు పోగా సుమారు 78 గ్రాములు, రాగులలో 67 గ్రాములు పిండిపదార్థము కలదు. రాగులయందు పీచు 11 గ్రాములుండుట విశేషమే యైనను, పరిమాణమును విస్మరించుటకు అది అనుమతి కానేరదు. ముద్ద నీటితో ఉబ్బునది గావున దాని బరువును గాక, ఎసటిలో పోయు పిండిని ముందే తూచి, దానితో అయిన ముద్దలకు పంచి లెక్కించుట యుక్తము. ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు వైద్యుని సంప్రదించియే ముద్ద తగ్గింపవలెను. ఈ సవరణను ప్రకటింప ప్రార్థన.

— ఒక పాఠకుడు,
క్యాతగానచెర్లు, పావగడ తాలూకా