‘ఈ ఒక్క రోజు ఉండండి’ అంటే...

బ్యాగు సర్దుకుంటుంటే మేనేజరు వచ్చి, ‘ఈ ఒక్క రోజు కాస్త ఉండండి’ అంటాడు. నర్సరీలో పాప ఎదురుచూస్తుంటుంది. కింద కార్ లిఫ్ట్ వ్యాను బయల్దేరడానికి సిద్ధంగా ఉంటుంది. దుబాయ్, షార్జాల్లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే: ‘కాదనొచ్చా?’

సూటిగానే చెప్తాను. ఇక్కడి కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఆపైన రోజుకు 2 గంటల దాకా యజమాని ఉండమనొచ్చు. ముందు రోజే చెప్పాలన్న నియమం అందులో లేదు. కాబట్టి ‘ఇప్పుడా చెప్పేది?’ అన్న మన కోపం న్యాయమైనదే అయినా, అదొక్కటే మనల్ని కాపాడదు. కాపాడేవి రెండు: గంటలకు హద్దు, ఆ గంటలకు డబ్బు.

ముందు హద్దు సంగతి. పెద్ద నష్టమో, ప్రమాదమో తప్పించాల్సి వస్తే తప్ప 2 గంటలు దాటకూడదు. మూడు వారాల్లో మొత్తం పని 144 గంటలు మించకూడదు. అంటే వారానికి 48 గంటలు చేసేవాళ్లకు ఒక వారం పెరిగిన గంటలు మరో వారం తగ్గాలి.

ఇక డబ్బు. అదనపు గంటకు బేసిక్ జీతం లెక్కన వచ్చేదానికి కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు. సెలవు రోజున పిలిస్తే బదులు సెలవైనా ఇవ్వాలి, బేసిక్‌కు 50 శాతం కలిపైనా ఇవ్వాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చేతికొచ్చేది 5,000 దిర్హాములైనా కాంట్రాక్టులో బేసిక్ 2,400 మాత్రమే ఉండొచ్చు. దాన్ని 30 రోజులకు, 8 గంటలకు పంచితే గంటకు 10 దిర్హాములు. ఓవర్‌టైమ్ అయితే 12.50, రాత్రిపూట 15. నెలలో 20 గంటలు ఎక్కువ చేస్తే 250 దిర్హాములు. చిన్న మొత్తమే అనిపిస్తుంది. ఏడాదికి 3,000.

అయితే యజమాని అధికారాలున్న సూపర్‌వైజరు పదవులకు ఈ గంటల లెక్క వర్తించదు. డీఐఎఫ్‌సీ, ఏడీజీఎం ఫ్రీజోన్లకు వేరే చట్టాలున్నాయి. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు 2022లో వచ్చిన చట్టం వేరు. అందులో రోజుకు 12 గంటల విశ్రాంతి ఉంది, 8 గంటలు ఏకధాటిగా ఇవ్వాలి. వారానికి ఒక సెలవూ ఉంది.

డబ్బు అడగాలంటే రుజువు కావాలి. నోటిమాటకు రుజువు ఉండదు కదా! అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. గొడవ పడొద్దు, ఉండగలిగితే ఉండండి. వెళ్లేముందు మాత్రం వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: ‘సర్, మీరు చెప్పినట్టు ఈ రోజు 8 గంటల వరకు ఉండి పని పూర్తి చేశాను.’ తేదీ, సమయం వాటంతటవే పడతాయి. ఆయన ‘ఓకే’ అన్నా చాలు.

నెలాఖరుకు ఆ గంటలు జీతంలో కనిపించకపోతే ముందు హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ పలకకపోతే మోహ్రే కార్మిక ఫిర్యాదుల నంబరు 80084. మన భారతీయుల సహాయ కేంద్రం నంబరు 80046342. ‘ఫిర్యాదు చేస్తే ఉద్యోగం తీసేస్తారేమో’ అన్న భయం నాకు తెలుసు. వీసా, స్కూలు ఫీజులు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. అయితే నిజమని తేలిన ఫిర్యాదు చేసినందుకు తీసేయడం చట్టవిరుద్ధం. కోర్టు మూడు నెలల జీతం దాకా పరిహారం ఇప్పించొచ్చు.

ఈ వారం ఒక్క పని చేయండి. మోహ్రే యాప్‌లో మీ కాంట్రాక్టు తెరిచి బేసిక్ ఎంతుందో చూడండి. మీ గంట విలువ అప్పుడు తెలుస్తుంది.