తిరిగి వచ్చే దారి



అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చిన స్త్రీని ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి. ఊరిలో ఉన్న ఒక్క కారు సెల్ఫ్ కొట్టగానే టక్ టక్ మని ఆగిపోయింది. “బ్యాటరీ పోయింది” అంటారు అందరూ. వేల రూపాయలు పోసి కొత్తది వేసినా ఒక్కొక్కసారి అదే టక్ టక్! ఎందుకనగా దోషము బ్యాటరీలో కాదు, దారిలో ఉన్నది.

కరెంటు బ్యాటరీ ప్లస్ నుండి బయలుదేరి, తీగ గుండా సెల్ఫ్ మోటారుకు వెళ్లి, ఇంజను ఇనుము మీదుగా మైనస్‌కు తిరిగి రావలెను. ఈ తిరుగు దారినే ఎర్త్ అంటారు. వెళ్లే తీగలను అందరూ చూస్తారు. బోల్టు క్రింద తుప్పు పట్టిన ఎర్త్ తీగను చూసేవారు తక్కువ.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, మల్టీమీటరుతో ఇలా పరీక్షించండి.

బండి కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత బ్యాటరీ రెండు కొనల మధ్య సుమారు 12.6 వోల్టులు ఉండాలి. 12కు దిగితే ముందు చార్జి పెట్టించండి.

మీటరు ఒక తీగను బ్యాటరీ మైనస్ కొనకు, రెండవదానిని ఇంజను మీద శుభ్రమైన ఇనుముకు ఆనించి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్లే.

అప్పుడు ముందు మైనస్, తరువాత ప్లస్ విప్పండి. కొనల మీది తెల్లని పొడిని వంటసోడా నీళ్లతో తుడవండి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకూడదు. ఎర్త్ తీగ బోల్టు చోటును గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించండి. తిరిగి తగిలించేటప్పుడు మైనస్ చివరిది. బ్యాటరీ నుండి వచ్చే వాయువు మండుతుంది గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.

మరొక హెచ్చరిక. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే రాగి తీగ చుట్టి నడపవద్దు. ఎక్కడో ఒరిసిపోయిన తీగ, లేక ఎలుక కొరికిన తీగ బాడీకి తగులుతూ ఉండవచ్చు. 10 ఆంపియర్ల చోట 10 మాత్రమే వేయాలి. ఫ్యూజు కావలివాడు. కావలివాని నోరు కట్టివేస్తే తీగలు కాలి బండియే అంటుకొనవచ్చు.

లూకా సువార్త 17వ అధ్యాయములో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. ప్రభువు పాదముల యొద్దకు కృతజ్ఞతతో తిరిగి వచ్చినవాడు ఒక్కడే. ప్రార్థన చేయడము మనకు తెలుసు, మేలు పొందడమూ తెలుసు. తిరిగి వచ్చే దారియే తుప్పు పడుతుంది. ఇంటిలో సమాధానము కొరవడినప్పుడు ఎవరిని మార్చాలా అని చూడక, ఒకరికొకరము, దేవునికి, కృతజ్ఞత చెప్పి ఎన్నాళ్లయినదో ముందు చూచుకొందము.