మందు కంపెనీది, ఆస్పత్రి ఖర్చు మనదా?



పత్తి చేలో మందు కొడుతూ పడిపోయిన కూలీకి పెద్దాసుపత్రిలో మంచం, సెలైన్లు, ఇంజెక్షన్లు, అవసరమైతే వెంటిలేటర్. ఖర్చంతా ప్రభుత్వం పెడుతుంది. పెట్టాల్సిందే. కానీ అది మనం కట్టే పన్నుల సొమ్ము. లాభం తిన్న కంపెనీ పైసా కట్టదు, కట్టమని అడిగే నాథుడూ లేడు.

2017లో మన ఆదిలాబాద్ పొరుగునున్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ కుటుంబాలకూ పరిహారం ప్రభుత్వ ఖజానా నుంచే వెళ్లింది.

‘జాగ్రత్తలు పాటించని రైతుదే తప్పు’ అంటారు. డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలు అచ్చేసి, మండే ఎండలో ఒళ్లంతా తొడుగులు వేసుకోమంటే బాధ్యత తీరిపోతుందా?

రాబట్టడం కుదరని పనేం కాదు. కేరళ ఎండోసల్ఫాన్ బాధితులకు 5 లక్షల చొప్పున రాష్ట్రమే ముందు చెల్లించాలని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ సొమ్మును కంపెనీల నుంచి రాబట్టుకునే దారినీ తెరిచి ఉంచింది. అమెరికాలో పొగాకు జబ్బులకు పేదల వైద్యం మీద పెట్టిన ఖర్చు కోసం రాష్ట్రాలే సిగరెట్ కంపెనీలను కోర్టుకు లాగాయి. 1998లో 46 రాష్ట్రాలకు 25 ఏళ్లలో 20,000 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి.

మన 1968 పురుగుమందుల చట్టంలో జైలు, జరిమానా ఉన్నాయి. దెబ్బతిన్న మనిషికి పరిహారం మాటే లేదు.

‘కంపెనీ మీద వేస్తే మందు రేటు పెంచి మన నెత్తినే రుద్దుతుంది’ అని మనవాళ్లే కొందరంటున్నారు. రుద్దనీయండి. ప్రాణం తీసే మందు పిరమైతే, ప్రమాదం తక్కువున్న మందే అమ్ముడుపోతుంది. ఇప్పుడు విషం చవక, మనిషి ప్రాణం అంతకన్నా చవక.

మన డిమాండ్లు:

1. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం ప్రతి విషబాధ కేసునూ తెలపాలని రాష్ట్రం ఆదేశించాలి. మందు పేరు, బ్యాచ్ నంబర్ రాయించాలి.
2. వైద్యం ఖర్చును బాధ్యులైన కంపెనీల నుంచి ప్రభుత్వం రాబట్టేలా చట్టం మార్చాలి.
3. ఆ వసూలు కోసం వైద్యం ఒక్క గంట కూడా ఆగకూడదు. బాధితుడి పరిహారంలోంచి ఒక్క రూపాయి కోయకూడదు.

ఈ నెల గ్రామ కమిటీల్లో దీన్ని చర్చించి తీర్మానాలు పంపండి. ఖాళీ డబ్బాలు పారేయకండి. రేపు అవే మన సాక్ష్యం.