రోడ్డు మీద పోయిన ప్రాణానికీ దర్యాప్తు కావాలి

తెలంగాణ రాష్ట్ర డైరెక్టర్ జనరల్ ఆఫ్ పోలీస్ గారికి,



2022లో తెలంగాణ రోడ్ల మీద 7,500 మందికి పైగా చనిపోయారు. రోజుకు సగటున ఇరవై మంది. అదే ఏడాది రాష్ట్రంలో నమోదైన హత్యలు వెయ్యి లోపే. హత్యకు గురైన ఒక్కొక్కరికి ఏడెనిమిది మంది చొప్పున రోడ్డు మీద ప్రాణాలు పోగొట్టుకున్నారన్నమాట. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది మృతులు 8,000 దాటారు. ఇంతమంది చావును పోలీసు శాఖ ఏ దృష్టితో చూస్తోందన్నదే ఈ లేఖలో విషయం.

ఊళ్లో హత్య జరిగితే ఇన్‌స్పెక్టర్ స్వయంగా వస్తారు. చుట్టూ టేపు కడతారు, క్లూస్ టీమ్ దిగుతుంది, జాగిలం వస్తుంది. చనిపోయిన మనిషి ఆఖరిసారి ఎవరితో మాట్లాడాడో సాయంత్రానికల్లా కాల్ డేటా చెబుతుంది. అదే మనిషి రోడ్డు మీద చనిపోతే అన్నిటికన్నా ముందు జరిగే పని ట్రాఫిక్ క్లియర్ చేయడం. క్రేన్ వచ్చి బండ్లను పక్కకు లాగుతుంది. గాజు పెంకులు ఊడుస్తారు, నెత్తురు మీద మట్టి చల్లుతారు. టైర్ల గుర్తులు అరగంటలో చెరిగిపోతాయి. అప్పటికే ఎవరో ఫోన్‌లో తీసిన నాలుగు ఫొటోలు, ఒక పంచనామా, పోస్టుమార్టం నివేదిక, బ్రేకులు బాగానే ఉన్నాయని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చే కాగితం. చాలా కేసుల్లో దర్యాప్తు అంతటితో సరి.

ఎఫ్‌ఐఆర్‌లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అని అలవాటుగా రాస్తారు. ఆ వేగం ఎంతో కొలిచినవారు అరుదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు పాత ఐపీసీ 304ఏ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ దాన్ని ఐదేళ్లకు పెంచింది. అయినా అది బెయిలబుల్ నేరమే. డ్రైవర్ ఆ రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోతాడు. కేసు విచారణకు వచ్చేసరికి సాక్షి ఊరు మారిపోయి ఉంటాడు, లేదా స్టీరింగ్ ముందు ఎవరున్నారో గుర్తులేదంటాడు. సాక్షి నోటిమాట తప్ప వేరే ఆధారం లేని కేసు కోర్టులో నిలబడటం కష్టం.

చట్టం చాలకే ఇలా జరుగుతోందని ఎవరైనా అంటే, వారు ముంబయి కార్టర్ రోడ్ కేసు చూడాలి. 2006 నవంబరులో మద్యం తాగిన యువకుడు నడిపిన కారు ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న కూలీల మీదికెక్కింది. ఏడుగురు చనిపోయారు. సెషన్స్ కోర్టు ఆరు నెలల శిక్ష వేసింది. హైకోర్టు దాన్ని హత్యతో సమానం కాని ప్రాణహరణ నేరంగా చూసి మూడేళ్లకు పెంచింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. తాగి బండి నడిపితే జనం చస్తారని తెలిసే నడిపాడన్న వాదన కోర్టులో నిలబడుతుంది. నిలబెట్టే ఆధారాలు మాత్రం తొలి గంటల్లో పోలీసులు సేకరించి ఉండాలి.

ఆ తొలి గంటల్లో ఏం జరగవచ్చో 2024 మే 19న పుణె చూపింది. కల్యాణి నగర్‌లో పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. నడిపింది మైనర్. రోడ్డు ప్రమాదాలపై మూడు వందల మాటల వ్యాసం రాయాలన్న షరతుతో గంటల వ్యవధిలోనే బెయిలు దొరికింది. ఆ తర్వాత రక్త నమూనా మార్చేశారన్న ఆరోపణపై ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు అరెస్టయ్యారు. పై అధికారులకు సకాలంలో చెప్పనందుకు ఇద్దరు పోలీసు అధికారులు సస్పెండ్ అయ్యారు. దేశమంతా మండిపడ్డాకే ఇవన్నీ బయటికొచ్చాయి.

అంత దూరం పోనక్కర్లేదు. 2023 డిసెంబరు చివర్లో ఒక అర్ధరాత్రి దాటాక, హైదరాబాద్ ప్రజాభవన్ ముందున్న బారికేడ్లను ఒక కారు గుద్దింది. అదృష్టవశాత్తు ప్రాణాలు పోలేదు. నడిపింది ఒక మాజీ ఎమ్మెల్యే కుమారుడైతే, నిందితుడిగా స్టేషన్‌లో చూపింది ఇంకొకరినని పోలీసుల విచారణలోనే తేలింది. పంజాగుట్ట ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. 2024 జనవరి ఆఖరున ఆ స్టేషన్‌లోని 80 మందికి పైగా సిబ్బందిని ఒక్క ఉత్తర్వుతో బదిలీ చేశారు. ఆ సంఘటన తర్వాతే 2022 మార్చి నాటి జూబ్లీహిల్స్ కేసునూ మళ్లీ తిరగదోడారు. ఎమ్మెల్యే స్టిక్కరున్న కారు ఢీకొని, బెలూన్లు అమ్ముకునే తల్లి చేతుల్లోని నెలల పసికందు చనిపోయిన కేసు అది. నేరం ఎవరిదన్నది కోర్టు తేలుస్తుంది. కానీ బారికేడ్ల ఘటన జరగకపోయి ఉంటే ఆ పసికందు ఫైలును ఎవరైనా మళ్లీ తెరిచేవారా? ఈ ప్రశ్నకు మీ శాఖ నిజాయితీగా జవాబు వెతకాలి.

కేసుల్లో కనిపించని పట్టుదల చలానాల్లో కనిపిస్తుంది. హెల్మెట్ లేనివారి ఫొటోలు తీయడానికి జంక్షన్ జంక్షన్‌లో సిబ్బంది నిలబడతారు. హెల్మెట్ ప్రాణం కాపాడుతుంది, సందేహం లేదు. అయితే అదే చలానాను శాఖే చవక చేసింది. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు, లారీలకు 50 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరులో ఆ రాయితీ 80, 60 శాతానికి పెరిగింది. ఆర్టీసీ బస్సులకైతే 90 శాతం. సిగ్నల్ దూకినా, వంద దాటి నడిపినా, రాంగ్ రూట్‌లో వచ్చినా కొన్నాళ్లు ఆగితే చలానాలో కొంత వంతు కడితే చాలని వాహనదారుడికి అర్థమైంది. బకాయి వసూలు చేసుకోవడానికి అది మంచి దారే కావచ్చు. ప్రమాదకరంగా నడిపేవాడికి మాత్రం అది భయం పోగొట్టింది.

వేగం విషయంలో ఆ భయం ఎంత అవసరమో 2019 నవంబరు 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ జంక్షన్ చెప్పింది. కొత్తగా తెరిచిన ఫ్లైఓవర్ మీద గంటకు 40 కిలోమీటర్ల పరిమితి ఉంటే, వంద దరిదాపుల్లో వచ్చిన కారు గోడ మీదుగా ఎగిరి కింద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడిన మహిళ ప్రాణం పోయింది. ఫ్లైఓవర్‌ను కొన్ని వారాలు మూసేసి, మార్పులు చేసి, మళ్లీ తెరిచారు. దేశంలో 2022లో జరిగిన రోడ్డు మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. మద్యం వాటా మూడు శాతం లోపే. రక్త పరీక్ష చేయని చోట మద్యం లెక్కలోకి రాదు, వేగం కొలవని చోట అతివేగం ఊహగానే మిగులుతుంది. ఈ శాతాలను నమ్మి ప్రణాళికలు వేసే ప్రభుత్వానికి అసలు కారణం అందడం లేదు.

కర్నూలు దగ్గర చిన్న టేకూరు వద్ద 2025 అక్టోబరు 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. బస్సు కింద ఇరుక్కున్న బైకును అంతకుముందు నడిపినవాడు తాగి ఉన్నాడని తేలింది. ఆ రెండు రోజులకే హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ గారు తాగి నడిపేవాళ్లను ఉగ్రవాదులని అన్నారు. ఆ ఆవేదన నిజమైనది. పది రోజులు తిరక్కుండానే, నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని మరో 19 మంది చనిపోయారు. చర్చంతా రోడ్డు వెడల్పు మీదికి, రోడ్డు పక్కనున్న మర్రిచెట్ల మీదికి మళ్లింది. ఆ టిప్పర్‌లో ఎంత బరువు ఎక్కించారు? ఎక్కడ ఎక్కించారు? డ్రైవర్ ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా ఉన్నాడు? దారిలో దాన్ని ఆపి తూకం వేసినవారున్నారా? డ్రైవర్ కూడా చనిపోయాడు గనుక ఇలాంటి కేసులు మూసేయడం సులువు. కానీ ఈ ప్రశ్నలకు ప్రజల ముందు జవాబు పెడితేనే రేపటి టిప్పర్ యజమాని జంకుతాడు.

ఇక చనిపోయినవారి ఇంటివాళ్ల సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి తొలి నివేదికను క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పంపాలి. పది రోజుల్లో బాధిత కుటుంబానికి వారి హక్కులు చెప్పే పత్రం ఇవ్వాలి. తొంభై రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. దీనికోసం స్టేషన్లలో, కనీసం పట్టణ స్థాయిలో, ప్రత్యేక విభాగాలు మూడు నెలల్లో పెట్టాలని 2022 డిసెంబరు 15న గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాల హోం శాఖలనూ, డీజీపీలనూ ఆదేశించింది. ఆ గడువు 2023 మార్చిలోనే తీరిపోయింది.

ఢీకొట్టి పారిపోయిన వాహనాల వల్ల 2022లో దేశంలో 30,000 మందికి పైగా చనిపోయారు. ఆ కుటుంబాలకు రెండు లక్షల రూపాయల పరిహారం అందే పథకం ఉంది. నెల రోజుల్లో వాహనం ఆచూకీ దొరక్కపోతే ఆ పథకం గురించి పోలీసులే కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భర్తను పోగొట్టుకున్న కూలీ మహిళకు ఈ సంగతి తెలియజేయాల్సింది స్టేషనే. ఆమె ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం, పోస్టుమార్టం కాగితం కోసం రోజుకూలి మానుకుని తిరగాల్సిన పని లేదు.

బ్రిటన్ పోలీసులకు రోడ్డు మరణాల దర్యాప్తుకు మార్గదర్శకాలున్నాయి. ఎదురు రుజువు దొరికేదాకా ప్రతి రోడ్డు మరణాన్నీ చట్టవిరుద్ధంగా ప్రాణం తీసిన ఘటనగానే చూడాలన్నది వాటి మూలసూత్రం. రోడ్డు గంటల తరబడి మూసే ఉంటుంది. శిక్షణ పొందిన నిపుణులు కొలతలు తీసి వేగాన్ని లెక్కకడతారు. కుటుంబానికి ఒక అధికారిని కేటాయిస్తారు, కేసు ఎంతవరకు వచ్చిందో ఆయనే చెబుతారు. తెలంగాణ జనాభాకు దాదాపు రెట్టింపు మంది ఉన్న ఆ దేశంలో 2023లో రోడ్డు మృతులు 1,600 పైచిలుకు. రోడ్లూ, లైసెన్సులూ, వైద్యమూ అన్నీ కలిసి తెచ్చిన ఫలితమది. అందులో పోలీసుల పట్టింపు వాటా చిన్నది కాదు. మన దేశంలోనే పంజాబ్ 2024 జనవరిలో 144 వాహనాలతో సడక్ సురక్షా ఫోర్స్‌ను హైవేల మీద దించింది. ఆ మార్గాల్లో మరణాలు బాగా తగ్గాయని అక్కడి ప్రభుత్వం చెబుతోంది.

సిబ్బంది కొరత నిజం. ఎండలో, పొగలో నిలబడే కానిస్టేబుల్ కష్టం నిజం. పెద్దల నుంచి ఫోన్లు వస్తాయన్నదీ నిజమే. అయితే రోడ్డు మీద పోలీసులూ బలవుతున్నారు. 1999 జనవరిలో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారు కింద నలిగిపోయిన ఆరుగురిలో ముగ్గురు డ్యూటీలో ఉన్న పోలీసులే. ఈ విషయంలో మీ సిబ్బందీ బాధితుల వైపువారే. వనరులూ లేకపోలేదు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు నగరమంతటి కెమెరాలు అందుబాటులో ఉన్నాయి. గొలుసు దొంగను పట్టించే ఆ కెమెరాలే కారు వేగాన్నీ, స్టీరింగ్ ముందున్న ముఖాన్నీ పట్టించగలవు.

అందుకే ఈ అభ్యర్థనలు. ప్రాణం పోయిన ప్రతి ప్రమాద స్థలానికీ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి, క్లూస్ టీమ్ వెళ్లాలి. కొలతలు పూర్తయ్యాకే వాహనాలు కదలాలి. డ్రైవర్ ఎవరైనా, ఎవరి కొడుకైనా, వెంటనే మద్యం పరీక్ష జరగాలి, దాన్ని వీడియో తీయాలి. ప్రతి కమిషనరేట్‌లో, ప్రతి జిల్లాలో రోడ్డు మరణాల దర్యాప్తులో శిక్షణ పొందిన బృందం ఒకటి ఉండాలి. హక్కుల పత్రం తెలుగులో, ఉర్దూలో కుటుంబం చేతికి అందాలి, దాని మీద బాధ్యుడైన అధికారి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. అతివేగం, రాంగ్ రూట్, మద్యం కేసుల్ని ఇకముందు ఏ రాయితీలోనూ కలపకూడదు. పదే పదే దొరికేవారి లైసెన్సుల రద్దుకు రవాణా శాఖకు సిఫార్సు వెళ్లాలి.

ఏటా డిసెంబరు చివర్లో మీరు విడుదల చేసే వార్షిక నివేదికలో ఒక పట్టిక చేర్చండి. జిల్లాల వారీగా రోడ్డు మరణాల కేసులెన్ని, మద్యం పరీక్ష జరిగినవెన్ని, తొంభై రోజుల్లో ట్రిబ్యునల్‌కు నివేదిక చేరినవెన్ని, శిక్ష పడినవెన్ని, కొట్టేసినవెన్ని. ఈ అంకెలు ఇప్పటికే స్టేషన్ల రికార్డుల్లో ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చి ప్రచురించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు.

గౌరవంతో,
హైదరాబాద్ పౌరుడొకరు